నూకరత్నం నడిచింది

యారాడ,
జూన్ 19, 2005.

చెల్లీ అనూ,

నువ్వు మద్రాసులో బాగున్నావని తలుత్తన్నాను. ఇక్కడ మాము బాగోనేము. కొట్టుకాడి ఫోన్లో మాటాడితే ఊరంతా సెవులొగ్గి ఇంటాది. అందుకే కాయితం మీద పెడతన్నాను. ఏడో తరగతి సదువు, తప్పులుంటే సదురుకో.

మా రత్నం నడవడం నేదే.

ఇన్నాళ్ళూ నీకు సెప్పనేదు. కట్లిప్పి ఏడాది దాటిపోయింది. ఇవాళ కాపోతే రేపు అడుగేత్తాదని కాసుకుని కూసున్నాను. నువ్వు మునుపొచ్చినప్పుడు అదెలాగుండేదో గేపకముందా? పురిట్లో ఏడవనేదు, మెదడుకి గాలందనేదు, అందుకే కాళ్ళు బిగుసుకుపోయినాయి, దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని నువ్వే సెప్పినావు. అయినా మునికాళ్ళ మీద పిట్టలాగ, నా కొంగట్టుకుని బడిదాకా ఎల్లేది కదే. ఇసకలో పడేది, నవ్వుకుంటా లేసేది.

ఆ డాక్టరు భీమశంకరరావు ఉచిత కేంపు పెట్టి, దాని మడమల ఎనక నరాలు కోసి వొదులు సేసినాడు. 'మీ పిల్ల అందరి పిల్లల్లాగే పాదం ఆనించి నడుస్తుందమ్మా' అన్నాడు. ఆనింది. పాదం బంగారంలాగ ఆనింది. మోకాళ్ళే మైనంలాగ వొంగిపోతన్నాయి. నిలబెడితే కిందకి కుంగిపోద్ది.

ఆసుపత్రికి ఎత్తుకెల్లినాను. 'ఇక్కడ నడిచింది కదా, అందరం చూశాం. ఇంట్లో కసరత్తు చేయించకుండా చేపలమ్ముకుంటూ తిరిగితే ఆపరేషన్ ఏం చేస్తుంది?' అన్నాడు. ముక్కుకి రుమాలు అడ్డెట్టుకుని అన్నాడే. నాను సేయించనేదా? బోట్లొచ్చే ఏలకి కూడా ఒడ్డుకి పోకుండా దాని కాళ్ళు సాపుకుని కూసున్నదాన్ని నాను.

అదీ దిగమింగీసినాను. మొన్న గాజువాకలో బస్సు దిగి తట్ట నెత్తికెత్తుకుంటే ఎదురుగా మేడంత ఫ్లెక్సీ. అందులో మా రత్నం. గులాబీ గౌనేసుకుని నిలబడి నవ్వుతంది. 'నూకరత్నం నడిచింది! ఊతకర్రలు లేని ఉత్తరాంధ్ర' అని రాసినారు. పక్కన ఆడు దండం పెడతన్నాడు. ఆ ఫొటో తీసినప్పుడు నాను అక్కడే ఉన్నాను. దాని ఎనకాల నర్సమ్మ గౌను బిగించి పట్టుకుంది. ఆ నర్సమ్మని బొమ్మలోంచి తీసీసినారు.

రోజూ ఆ బొమ్మ కిందనుంచే 'సేపలు, సేపలు' అని అరుసుకుంటా ఎల్తన్నాను. ఇంటికొచ్చేసరికి అది నేల మీద దేక్కుంటా ఎదురొత్తాది.

మీ బావ ఎల్లారావు రాయట్టుకుని ఆసుపత్రి మీదకెల్తానన్నాడు. వొద్దన్నాను. తల పగిలితే నాలుగు కుట్లేసుకుని మళ్ళా నవ్వుతాడు. ఆడికి తగిలే సోట తగలాలి. నువ్వు ఇలాటి పిల్లల దగ్గరే పని సేత్తన్నావు. ఆడిని ఏటి సెయ్యాలో సెప్పు. రత్నం కాళ్ళ సంగతి తరవాత.

మీ అప్ప,
చిట్టమ్మ

*

చెన్నై,
జూన్ 30, 2005.

అప్పా,

నీ ఉత్తరం ఆసుపత్రిలో చదివాను. తరవాత ఇద్దరు పిల్లలకి ఫిజియోథెరపీ చేయించాలి, ఆ పని ఇంకొకరికి అప్పజెప్పాను. ఏడాదిపాటు నాకు ఒక్క ముక్క చెప్పకుండా ఎలా ఉన్నావు?

నువ్వు తరవాత అన్నదే నేను ముందు అడుగుతాను. కోపం తెచ్చుకోకు. మా దగ్గర కొత్తగా ఒక పద్ధతి మొదలైంది. పిల్లని గదిలో అటూ ఇటూ నడిపించి మార్కులు వెయ్యడం కాదు. మూడు దూరాలు అడుగుతాం. ఇంట్లో ఐదు మీటర్లు, బడిలో యాభై మీటర్లు, బజారులో ఐదు వందల మీటర్లు. ఒక్కో చోట ఆ పిల్ల రోజూ ఎలా కదులుతోంది? గోడ పట్టుకునా, కర్రలతోనా, పాకుతూనా, ఒకరు ఎత్తుకుంటేనా?

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. చెయ్యగలదా అని కాదు, చేస్తోందా అని. డాక్టరు గదిలో భయానికో, బిస్కెట్టుకో పిల్లలు నాలుగడుగులు వేసేస్తారు. ఆ నాలుగడుగులతో బతుకు వెళ్ళదు.

ఆపరేషనుకి ముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, మూడు చోట్లా రాయి. అది చూశాకే నేను ఏదైనా చెప్పగలను. బావని తొందరపడొద్దను. నువ్వు కూడా.

నీ అనూరాధ

*

యారాడ,
జూలై 14, 2005.

చెల్లీ,

అడిగినావు కదా, రాత్తన్నాను.

ఇంట్లో: మునుపు దేన్నీ పట్టుకోకుండా మునికాళ్ళ మీద తిరిగేది, ఆగాలంటే గోడకి గుద్దుకునేది. ఇప్పుడు మంచంకాడినుంచి గుమ్మందాకా గోడట్టుకుని, కుంగిపోతా, ఎలాగో వొత్తాది. మిగతాదంతా దేకడమే.

బడి: మునుపు నా కొంగో, పక్కింటి గుంట సెయ్యో పట్టుకుని ఎల్లేది. ఇప్పుడు నాను సంకనెత్తుకుని ఎల్లి బెంచీ మీద కూసోబెడతన్నాను. పదకొండేళ్ళ గుంట. సంకలో ఉన్నంతసేపూ మొకం నా మెడలో దాసుకుంటాది. మళ్ళా నాను ఎల్లేదాకా ఆ బెంచీ మీదే ఉంటాది. మంచినీళ్ళు తాగదంట. తాగితే దొడ్డికి ఎల్లాలి కదా, ఎవులెత్తుకెల్తారు? ఈ సంగతి పంతులమ్మ సెప్పేదాకా నాకు తెలీదు. నువ్వడగబట్టి నాను ఆవిడ్ని అడిగినాను.

బజారు: మునుపు రెండు సోట్ల కూలబడి, మూడో సోట ఐస్సు కొనమని మారాం సేసి, ఎలాగో నడిసేది. ఇప్పుడు బజారే నేదు. కొండ దిగి గాజువాక సూడ్డమే మానీసింది. ఆ బొమ్మ సూడకుండా పోయింది, అదొక్కటే మేలు.

ఇంకోటి సెప్తాను. ఆ కేంపులోనే కంచరపాలెం పుష్ప కొడుకు సాయిశంకర్‌కి కూడా కోసినాడు. తట్ట కాళీ అయ్యాక బస్సెక్కి ఎల్లినాను. పుష్ప నన్ను సూడగానే, 'బాగానే ఉన్నాడు అక్కా, నడుస్తున్నాడు' అంది. నువ్వడిగినట్టే అడిగినాను. ఇంట్లో ఎలాగెల్తాడమ్మా? బడికి ఎలాగ? రైలు గేటు దాటి బజారుకి ఎలాగ? మూడోది అడిగేసరికి సీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడిసింది. ఇన్నాళ్ళూ తనదే తప్పనుకుంటందే. దానికీ ఆడు అదే సెప్పినాడు, కసరత్తు సేయించనేదని.

ఈ మూడు పెశ్నలూ నాకు కత్తిపీట దొరికినట్టు దొరికినాయి. ఆ కేంపులో కోయించుకున్న పిల్లల ఇళ్ళు ఒక్కోటే వాకబు సేసి ఎల్తన్నాను. సేపలమ్మేదాన్ని ఏ గుమ్మం ముందు నిలబడినా ఎవులూ ఎందుకని అడగరు.

చిట్టమ్మ

*

చెన్నై,
ఆగస్టు 2, 2005.

అప్పా,

నీ ఉత్తరం చదువుతూ ఆ బెంచీ సంగతి దగ్గర ఆగిపోయాను. నీళ్ళు తాగకుండా కూర్చునే పిల్లలు నాకు కొత్త కాదు. కానీ మన రత్నం.

నీకు నిజం చెప్పాలి. మడమ వెనక నరం బిగుతుగా ఉన్నప్పుడు దాని ఊతంతోనే రత్నం నిలబడేది. దాన్ని మరీ వదులు చేస్తే మోకాలు కుంగిపోతుంది. రెండు పక్కలా ఒకేసారి కొయ్యబోయే ముందు ఆ పిల్ల ఇంట్లో, బడిలో ఎలా తిరుగుతోందో ఎవరైనా అడగాలి. అడిగి ఉంటే కత్తి పట్టేవాడే కాదు. ఇది నీ కసరత్తు లోపం కాదు. పుష్పకి కూడా చెప్పు, ఆమెది కూడా కాదు. పోయినదంతా తిరిగి రాదు. కాళ్ళు వంగిపోకుండా పట్టి ఉంచే ఊతపట్టీలతో కొంత నిలబెట్టగలం.

అతన్ని వదలొద్దు. కానీ పద్ధతిగా పోదాం. కలెక్టరుగారికి, మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పెడదాం. నేను డిసెంబరులో వచ్చి పిల్లలందరినీ చూసి రాసిస్తాను.

ఈలోగా రత్నానికి చక్రాల కుర్చీ ఒకటి పంపిస్తాను. తనంతట తను బడి అంతా తిరుగుతుంది. నీళ్ళు తాగుతుంది. కాదనకు.

అనూరాధ

*

యారాడ,
అక్టోబరు 23, 2005.

చెల్లీ,

కుర్చీ వొద్దు. పంపినా తిప్పి పంపీత్తాను. రత్నం కుర్చీలో కూసుంటే ఆడు గెలిసినట్టే. 'చూశారా, తల్లి నిర్లక్ష్యం, కుర్చీ పాలు చేసింది' అంటాడు. నా గుంట నడిసేది. దాన్ని కుర్చీలో నాను కూసోబెట్టను.

కలెక్టరాఫీసుకి ఎల్లినాం, నానూ పుష్పా ఇంకొందరు తల్లులూ. గుమస్తా కాయితం తీసుకుని, 'డాక్టరుగారు దేవుడమ్మా' అన్నాడు. ఆ కాయితం ఏ కట్టకింద ఉందో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు అసలు సంగతి. వొచ్చే నెల గాజువాక గ్రౌండులో మళ్ళా కేంపంట. మంత్రిగారొత్తారంట. ఈసారి యలమంచిలి, భీమిలి, ఎక్కడెక్కడి పిల్లలకో కోత్తాడంట. మొన్న ఆ ఆసుపత్రి మేనేజరు గురునాథరావు జీపేసుకుని మా ఇంటికే వొచ్చినాడు. కొత్త గౌను, స్వీటు పేకెట్టు. 'నూకరత్నం మన కేంపుకి ఆదర్శం. స్టేజీ మీద నాలుగడుగులు వేసి మంత్రిగారికి దండ వేస్తే చాలు' అన్నాడు.

మీ బావ లోపల్నుంచి లేసినాడు. కళ్ళతోనే కూసోమన్నాను. 'అలాగే బాబూ, తీసుకొత్తాను' అని ఒప్పీసుకున్నాను.

ఆడి స్టేజీ, ఆడి మైకు, ఆడి మంత్రి. ఆడు పిలిసిన జనం సూత్తండగా నా గుంట కుంగి కూలిపోవాలి. అప్పుడు మిగతా తల్లులం లేత్తాం. పిల్లల్ని సంకనేసుకుని ఒక్కొక్కరం ఎల్తాం. ఈసారి ఏ సెయ్యీ బొమ్మలోంచి తియ్యనేరు.

చిట్టమ్మ

*

చెన్నై,
అక్టోబరు 31, 2005.

అప్పా,

వద్దు.

తల్లులు లేవండి, అడగండి, కావాలంటే నేను సెలవు పెట్టి వచ్చి మీ ముందు నిలబడతాను. కానీ రత్నాన్ని ఎక్కించకు. అంతమంది ముందు కూలిపోవడం అంటే ఏంటో తెలుసా? సంకలో ఉంటేనే మొహం దాచుకునే పిల్ల అని నువ్వే రాశావు.

దాన్ని అడిగావా? ఒక్కసారైనా అడిగావా?

ఎక్కించనని నాకు మాట రాసి పంపు.

అనూ

*

యారాడ,
నవంబరు 13, 2005.

చెల్లీ,

సరేలే. ఎక్కించను.

ఇక్కడ కార్తీకమాసం కదా, కొనేవోల్లు నేరు. తట్టలో సగం తిరిగొచ్చి ఎండుసేపలైపోతంది. మీ బావకి దగ్గు తగ్గింది. రత్నం బాగానే సదువుతంది. నువ్వు వొంటిని సూసుకో.

చిట్టమ్మ

*

యారాడ,
డిసెంబరు 4, 2005.

చెల్లీ,

మాట తప్పినాను. కోపంగా ఉంటే ఉండు, ముందు ఇది సదువు.

గ్రౌండంతా షామియానాలు. డప్పులు, పూలు. లైన్లో తల్లులు పిల్లల్నెత్తుకుని, టోకెన్లట్టుకుని నిలబడినారు. రత్నానికి ఆల్లిచ్చిన గౌనే ఏసినాను. ఏటి సెయ్యాలని అడిగింది. 'నడమంటే నడు, పడితే పడు, బయపడకు, నాను కిందే ఉంటాను' అన్నాను. గురునాథరావు ఎత్తుకెల్లి స్టేజీ మీద బల్లట్టుకుని నిలబెట్టినాడు.

భీమశంకరరావు మైకు తీసుకున్నాడు. 'ఈ చిట్టితల్లి పుట్టుకతో నడవలేదు. ఈ రోజు చూడండి. రా నూకరత్నం, మంత్రిగారి దగ్గరికి నాలుగడుగులు వెయ్యి.' సెయ్యి సాపినాడు.

పడిపోద్దనుకున్నాను. పడనేదే. బల్లట్టుకుని మెల్లిగా కూసుంది. మంచి పీట మీద కూసున్నట్టు కాళ్ళు ముందుకి సాపి, గౌను సదురుకుని కూసుంది. దండ పక్కనెట్టీసింది.

'లేమ్మా, లే' అన్నాడు. లేవనేదు. నవ్వినాడు, సిగ్గుపడుతోంది అన్నాడు. సెయ్యట్టుకుని లాగినాడు. రానేదు. మైకు దగ్గరుంది కదా, అది సిన్నగా అన్నది గ్రౌండంతా ఇనబడింది: 'రాను.' అంతే. మంత్రిగారు గడియారం సూసుకున్నారు. జనం గుసగుసలు మొదలెట్టినారు.

అప్పుడు నాను లేసినాను. 'నా గుంట పుట్టుకతో నడవనేదని ఎవులు సెప్పినారు సారూ? తమరు కొయ్యకముందు బడిదాకా నడిసేది. ఇప్పుడు నా సంకలో ఎల్తంది' అన్నాను. మైకు నేదు నాకు. సముద్రం ఒడ్డున పెరిగిన గొంతు, మైకెందుకు? పుష్ప లేసింది. సాయిశంకర్‌ని తీసుకెల్లి స్టేజీ ముందర దింపింది. 'ఈడిని కూడా నడిపించండి సార్' అంది. కలెక్టరాఫీసుకి మాతో వొచ్చిన ఆవిడ లేసింది. ఇంకో ఆవిడ. ఒక్కొక్కరే పిల్లల్ని తీసుకెల్లి ఆడి కాళ్ళ ముందర నేల మీద కూసోబెట్టినాం. ఎవులూ అరవనేదు. ఆడి మొకం సున్నం కొట్టిన గోడలాగయిపోయింది. రుమాలు తీసినాడు కానీ ఈసారి సెమట తుడుసుకోడానికే.

మంత్రిగారు ఎనకనుంచి దిగి కారెక్కీసినారు. లైన్లో ఉన్న తల్లులు టోకెన్లు కిందడేసి పిల్లల్ని ఎత్తుకుని పోయినారు. ఒకావిడ పోతా పోతా నా సెయ్యట్టుకుంది. పేరు కూడా తెలీదు. ఆవిడ బిడ్డ మునికాళ్ళ మీద నిలబడి ఉంది, మన రత్నం మునుపున్నట్టే.

తెల్లారి పేపర్లో వొచ్చింది. కలెక్టరు ఎంక్వైరీ కమిటీ ఏసినారు. నీ పేరు కూడా ఇచ్చినాను, పిల్లల్ని సూసి రాయడానికి నిన్ను పిలుత్తారంట. ఆపరేసన్లు ఆపీమన్నారు. ఆసుపత్రి నడిపే ట్రస్టువోల్లు ఆడిని తీసీసినారు. గాజువాకలో ఫ్లెక్సీ ఎవులో అడ్డంగా సింపీసినారు. నాను కాదు. నానైతే నిలువునా సింపేదాన్ని.

నిన్న ఆడే వొచ్చినాడు యారాడ. కారు రోడ్డు మీదాపి ఇసకలో బూట్లతో నడుసుకుంటా, పళ్ళబుట్ట అట్టుకుని. నాను సేపలు కోత్తన్నాను. తలెత్తనేదు. 'నాకూ పిల్లలున్నారమ్మా. కేసు వెనక్కి తీసుకో' అన్నాడు. సాలాసేపు నిలబడినాడు. మంచినీళ్ళడిగినాడు. నేవన్నాను. కుండ నా పక్కనే ఉంది. ఆడు కుండని సూసినాడు, నన్ను సూసినాడు, ఎల్లిపోయినాడు.

చెల్లీ, ఏడాదిన్నర తరవాత నిన్న అన్నం రుసి తెలిసింది నాకు.

రత్నం మాత్రం కేంపు కాడినుంచీ నాతో మాటాడటం నేదు. సిన్నగుంట, అలిగినట్టుంది. అదే పోద్ది.

మీ అప్ప,
చిట్టమ్మ

*

చెన్నై,
డిసెంబరు 10, 2005.

రత్నం,

ఈ ఉత్తరం నీకే, అమ్మకి కాదు. మీ బడి అడ్రసుకి పంపిస్తున్నాను.

కమిటీవాళ్ళు నిన్ను చూసి రాయమని నన్ను పిలిచారు. నెలాఖరుకి వస్తున్నాను. ఈలోగా ఒకటి నాకు అర్థం కావాలి. ఇంట్లో మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా గోడ పట్టుకుని వెళ్తావని అమ్మ రాసింది. స్టేజీ మీద అంతకంటే తక్కువే దూరం. పట్టుకోడానికి బల్ల ఉంది, డాక్టరు చెయ్యి ఉంది. ఆ నాలుగడుగులు నువ్వు వెయ్యగలవని నాకు తెలుసు. మరి ఎందుకు కూర్చున్నావు?

ఇన్నాళ్ళూ నీ సంగతులన్నీ అమ్మనే అడిగాను. ఈసారి నువ్వు చెప్పు.

పిన్ని

*

యారాడ,
డిసెంబరు 17, 2005.

పిన్నికి,

వెయ్యగలను. నాలుగు కాదు, ఇంకా ఎక్కువే వేద్దును. బల్ల పట్టుకుని మంత్రిగారి దాకా వెళ్ళిపోదును. వెయ్యబుద్ధి కాలేదు.

డాక్టరుగారు నన్ను అడక్కుండా కోశారు. మత్తు మందు ఇచ్చేముందు 'నీ పేరేంటి' అని అడిగారు, ఇంకేం అడగలేదు. అమ్మ నన్ను అడక్కుండా గౌను వేసింది. పడితే పడమంది. ఆయనకి నేను నడవాలి. అమ్మకి నేను పడాలి. అందరూ నా కాళ్ళనే చూస్తున్నారు. అందుకే కూర్చున్నాను. నడవనూ లేదు, పడనూ లేదు. ఇద్దరి మీదా కోపం తీరింది.

ఆయన మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడిగినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. అమ్మ లేవంటే నాకు సంతోషం వేసింది. రోజంతా దాహంగా ఉంటే ఎలా ఉంటుందో ఆయనకి తెలియాలి కదా. నేను చెడ్డపిల్లనా పిన్నీ? అయినా పర్వాలేదు.

అమ్మతో మాట్లాడటం లేదు. రాత్రి నా కాళ్ళు పట్టడానికొస్తే గోడవైపు తిరిగి పడుకుంటున్నాను. అమ్మ అనుకుంటోంది, అలిగాను, రెండు రోజుల్లో పోతుంది అని. పోదు. నువ్వు కుర్చీ పంపిస్తానంటే వద్దని రాసిందట. నాన్న చెప్పాడు. అది కూడా నన్ను అడగలేదు.

కమిటీకి నిజమే రాయి. నడవగలను గాని నడవలేదు అని రాయి. ముందు బడిదాకా వెళ్ళేదాన్నని కూడా రాయి. అప్పుడు కూడా ఆయన తప్పించుకోలేడు, లెక్క చూసుకున్నాను.

నువ్వు అమ్మని అడిగావట కదా, మూడు చోట్ల సంగతి. నేను చెప్తాను. ఇంట్లో దేకుతాను, అది నాకు బాగానే ఉంది, తొందరగా వెళ్తాను. గోడ పట్టుకునేది అమ్మ చూస్తున్నప్పుడే, తను సంతోషిస్తుందని. ఇప్పుడు మానేశాను. బడిలో బెంచీ. బజారుకి వెళ్ళడమే లేదు.

నువ్వు వచ్చేటప్పుడు కుర్చీ తీసుకురా. అమ్మ వద్దన్నా తీసుకురా. నా చేతులు బాగా పనిచేస్తాయి, చక్రాలు నేనే తిప్పుకుంటాను. ఒక్కటి చూసి కొను. మా బడికి ఒకసారి ఒక సారు చక్రాల కుర్చీలో వచ్చారు, దానికి వెనకాల రెండు పిడులున్నాయి, ఎవరు పడితే వాళ్ళు పట్టుకుని తోసేస్తున్నారు. అలాంటిది నాకొద్దు. వెనకాల పిడులు లేనిది తీసుకురా.

నూకరత్నం,
ఆరో తరగతి